ప్రింటరు పిన్ని రాసిన అధ్యాయం

ఆ వీధిలో ఆమెను అసలు పేరుతో పిలిచేది పోస్టుమాను ఒక్కడే, అదీ కవరు మీద రాసి ఉంటుంది కాబట్టి. మిగతా అందరికీ ఆమె ప్రింటరు పిన్ని. వెనకటికి, ప్రింటర్లు గరగరమని ఇల్లంతా వినపడేలా అచ్చు కొట్టే రోజుల్లో, వాటి తలల్లో వంగిపోయిన సన్నటి పిన్నులు తీసి కొత్తవి వేయడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. ‘పిన్నులు మార్చే పిన్ని’ అని ఎవరో కాలేజీ కుర్రాడు సరదాకి అన్నాడు. ఆ ప్రింటర్లు పాతసామాన్ల కొట్లకి పోయాయి, ఆ కుర్రాడికి బట్టతల వచ్చింది, పేరు మాత్రం అంటుకుపోయింది. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాడైన ఎదురు కొట్టు కళ్ళజోళ్ళాయన కూడా ‘ఏం పిన్నిగారూ, టీ తాగారా’ అనే పలకరిస్తాడు.

ఇంటి కింది గదే ఆమె షాపు. ఇటు ఆరడుగులు, అటు పన్నెండు. గోడ పొడవునా సొరుగులు, వాటి మీద ఆమె చేతిరాత చీటీలు: ‘గేర్లు, చిన్నవి’, ‘గేర్లు, మరీ చిన్నవి’, ‘ఇవి దేనివో తెలీదు, పారేయొద్దు’. పై వాటాలో ముగ్గురు మనుషులు. ఆమె, ఆమె భర్త, అత్తగారు. భర్త జనానికి కారు నడపడం నేర్పుతాడు. రోజుకి ఎనిమిది గంటలు పక్క సీట్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునే మనిషి కాబట్టి ఇంట్లో ఆకాశం విరిగి మీద పడ్డా కంగారుపడడు. అత్తగారికి డెబ్భై ఎనిమిది. ముప్ఫై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైంది. ఆవిడ ఉప్పు అందించమన్నా సరే, ఒక్కో అక్షరం విడివిడిగా, ముత్యాల్లా, అవతల ఎవరో రాసుకుంటున్నట్టు పలుకుతుంది.

ఒక సోమవారం పొద్దున షాపు తలుపు తీసీ తియ్యకముందే బడి వ్యాను వచ్చి ఆగింది. అందులోంచి బ్రెయిలు మాస్టారు దిగారు. చూపులేని పిల్లల బడిలో ఆయన భాషలు చెబుతారు. ఆయనకీ పుట్టుకతోనే చూపు లేదు. ఆయన వెనక వ్యాను డ్రైవరు, నలభై కేజీల ఇనప పెట్టెలాంటి మిషన్ని కడుపుకి హత్తుకుని, ఎర్రబడ్డ మొహంతో గడప దాటాడు.

“పిన్నిగారూ, ఇది చచ్చిపోయిందో, మూర్ఛపోయిందో మీరే చెప్పాలి” అన్నారు మాస్టారు.

అది బ్రెయిలు ప్రింటరు. మందపాటి కాగితం మీద చిన్న చిన్న సుత్తులతో చుక్కలు పొడుస్తుంది. పిల్లలు వాటిని వేళ్ళతో చదువుకుంటారు.

“ఏం చేస్తోంది మాస్టారూ?”

“మొదట్లో ఒక అక్షరం బదులు ఇంకోటి కొట్టేది. మా పిల్లలు అదేదో రహస్య భాష అనుకుని తెగ మురిసిపోయారు. ఇప్పుడు పేజీ సగంలో ఆగిపోయి, ఇచ్చిన కాగితాన్ని వెనక్కి లాగేసుకుంటోంది. ఆరు వారాల్లో అర్ధ సంవత్సరం పరీక్షలు. ప్రశ్నపత్రాలు దీన్లోంచే రావాలి. కొత్తదానికి అర్జీ పెట్టాం కానీ, ఆ అర్జీ ఏ బల్ల మీద గుర్రుపెట్టి నిద్రపోతోందో.”

“తయారుచేసిన కంపెనీవాళ్ళు?”

“మూసేసి ఇరవై ఏళ్ళు. ఉత్తరం రాస్తే, ఆ చిరునామాలో ఇప్పుడు కుక్కలకి స్నానం చేయించే షాపు ఉందని జవాబొచ్చింది.”

పిన్ని మూడు రోజులు ఆ మిషన్ని విప్పింది, తుడిచింది, కొలిచింది. మోటారు గుండ్రాయిలా ఉంది. సుత్తులు ఒక్కటీ వంగలేదు. జబ్బు ఇంకెక్కడో ఉంది. నాలుగో రోజు భూతద్దం పెట్టి చూస్తే దొరికింది. మిషన్ని నడిపించే ప్రోగ్రాము ఒక పాత చిప్పులో ఉంటుంది. ఆ చిప్పు నడినెత్తిన చిన్న గాజు కిటికీ ఉంటుంది. ఎండ తగిలితే లోపల రాసినది మెల్లమెల్లగా చెరిగిపోతుంది. అందుకే దాని మీద నల్ల స్టిక్కరు అంటిస్తారు. ఆ స్టిక్కరు ఎప్పుడో ఎండి ఊడిపోయింది. బడిలో ఈ మిషన్ని కూర్చోబెట్టింది సరిగ్గా కిటికీ పక్కన. ఏళ్ళ తరబడి పొద్దుటి ఎండ, మూతకున్న అద్దంలోంచి దూరి, ప్రోగ్రాముని అక్కడో ముక్క ఇక్కడో ముక్క మేసేసింది.

ఇదంతా చెప్పి, “ప్రోగ్రాము మళ్ళీ రాసుకోగలిగితే మిషన్ బతుకుతుంది మాస్టారూ, లేకపోతే లేదు” అంది పిన్ని ఫోన్లో.

“మూత కింద ఒక లావుపాటి ఫైలు ఉంటుంది, చూశారా? మాకెవరికీ దాంతో పని పడలేదు” అన్నారు ఆయన.

ఉంది. మొదటి రోజే తీసి, తెరవకుండా పక్కన పెట్టేసింది. నూట నలభై పేజీలు. కంపెనీవాళ్ళు ప్రోగ్రాము మొత్తం కాగితం మీద అచ్చేసి మిషన్‌తోపాటే ఇచ్చారు. వెనకటి రోజుల్లో అలా ఇచ్చేవాళ్ళూ ఉండేవాళ్ళు. మొదటి పేజీ తిప్పగానే పిన్ని గుర్తుపట్టింది. అది అసెంబ్లీ భాష.

ఆ భాష ఆమెకి కొత్త కాదు. పాలిటెక్నిక్‌లో నలభైమంది మగపిల్లలకీ ముగ్గురు ఆడపిల్లలకీ కలిపి, ప్రోగ్రాములు నడిపి చూసే కిట్టు ఒక్కటే ఉండేది. దాని దగ్గర చోటు దొరక్క, ఆమె ప్రోగ్రాములన్నీ నోటుపుస్తకంలోనే రాసి, బుర్రలోనే నడిపి చూసుకునేది. ‘దీన్ని తీసుకో, అక్కడ పెట్టు, ఒకటి తగ్గించు, సున్నా అయితే అటు గెంతు’. చిప్పుతో మధ్యవర్తి లేకుండా మాట్లాడే భాష అది. ఆ పరీక్షలో కాలేజీ మొత్తానికి ఆమెదే మొదటి మార్కు. తర్వాత టీవీల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది, ఫ్యాక్టరీ మూతపడింది, ప్రింటర్లు వచ్చాయి, ఆ విద్య అటకెక్కింది.

ఇప్పుడు చెయ్యాల్సింది రెండు పనులు. కాగితం మీదున్నదంతా కంప్యూటర్లోకి ఎక్కించాలి. తర్వాత దాన్ని చిప్పుకి అర్థమయ్యే అంకెలుగా మార్చాలి. ఆ మార్చే ప్రోగ్రాముని అసెంబ్లర్ అంటారు. కంపెనీ వాడిన అసెంబ్లర్ కంపెనీతోపాటే పోయింది. కానీ ఎవరైనా దించుకుని వాడుకోదగ్గ ఉచిత అసెంబ్లర్ ఒకటి ఉంది. లోకంలో తలో మూలనున్న మనుషులు తీరిక వేళల్లో కలిసి రాసింది. ముప్ఫై రకాల చిప్పుల భాషలు దానికి తెలుసు. ఈ చిప్పు పేరు కూడా జాబితాలో ఉంది. పిన్ని మనసు తేలికపడింది. వంట త్వరగా అయిపోయిన రోజులాగా అనిపించింది.

ఎక్కించే పనికి అత్తగారు తనంతట తనే ముందుకొచ్చింది.

“నంబర్లు చదవడమేగా అమ్మాయ్. నువ్వు కాగితం వంకా తెర వంకా మెడ తిప్పుకుంటూ కూర్చుంటే తప్పులు పడతాయి. నేను చదువుతా, నువ్వు కొట్టు.”

రోజూ మధ్యాహ్నం షాపు పలచగా ఉండే రెండు నుంచి నాలుగు దాకా కూర్చున్నారు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, వీపు నిటారుగా పెట్టి మొదలుపెట్టేది. “ఎల్, డీ. ఖాళీ. ఏ. కామా. మూడు, ఎఫ్, హెచ్. మళ్ళీ చెప్తున్నాను...”

“మళ్ళీ అక్కర్లేదు అత్తయ్యా, రాసుకున్నాను.”

“అలవాటు” అనేది ఆవిడ, మళ్ళీ చెప్పి మరీ.

ప్రోగ్రాము రాసిన ఇంజినీరు ఎవరో కానీ సరదా మనిషి. ప్రతి వరసకీ పక్కన ఒక సెమికోలన్ పెట్టి, ఆ వరస ఏం చేస్తుందో తన మాటల్లో రాసుకున్నాడు. ‘సుత్తి అలిసింది, కాస్త ఆగనివ్వు’ అని ఒకచోట. ‘ఇక్కడ ఒకటి ఎందుకు కలపాలో నన్నడక్కు, కలపకపోతే పనిచెయ్యట్లేదు’ అని ఇంకోచోట. అత్తగారికి ఆ వ్యాఖ్యలు వచ్చినప్పుడల్లా హుషారొచ్చేది. “పాపం, ఇతనికి ఇంట్లో మాట్లాడ్డానికి ఎవరూ లేరులా ఉంది” అనేది.

తొమ్మిది రోజులకి నూట నలభై పేజీలూ అయ్యాయి. పదో రోజు పిన్ని అసెంబ్లర్‌ని పిలిచి ఫైలు దాని ముందు పెట్టింది. తెర మీద తప్పుల జాబితా బిలబిలమంటూ పారింది. ఆగాక చూస్తే నాలుగు వేల మూడు వందల పన్నెండు తప్పులు.

“నేను అంత తప్పుగా చదవలేదు” అంది అత్తగారు, మొహం మాడ్చుకుని.

తప్పు చదవడంలో లేదు. ‘సుత్తి అనే ఆదేశం నాకు తెలీదు’ అంటోంది అసెంబ్లర్. ‘అలిసింది అనే ఆదేశం నాకు తెలీదు.’ పిన్నికి నవ్వాగలేదు. సెమికోలన్ తర్వాత వచ్చేది మనుషుల కోసం రాసిన మాట, దాన్ని వదిలెయ్యాలి అని కంపెనీవాళ్ళ పద్ధతి. ఈ ఉచిత అసెంబ్లర్ పద్ధతిలో సెమికోలన్ అంటే ‘ఇంకో ఆదేశం వస్తోంది కాచుకో’ అని. అందుకని అది ఆ ఇంజినీరు గోడునంతా ఆదేశాలనుకుని శిరసావహించబోయి బోల్తాపడింది.

అంటే భాష ఒకటే, రాసే పద్ధతులు వేరు. ఇంజినీర్లు దాన్నే సింటాక్స్ అంటారు. ఈ అసెంబ్లర్‌కి ఏ పద్ధతి కావాలో రాసిన పుస్తకం ఒకటి ఉండే ఉంటుంది. అది చూసుకుని మార్చుకుంటే సరి అనుకుంది పిన్ని.

పుస్తకం ఉంది. నాలుగు వందల పన్నెండు పేజీలు. ఒక్కో చిప్పుకి ఒక్కో అధ్యాయం, కొన్నిటికి ఇరవై పేజీలు, కొన్నిటికి నలభై. తన చిప్పు అధ్యాయం కోసం గబగబా పేజీలు తిప్పింది. పెద్ద అక్షరాలతో చిప్పు పేరు. దాని కింద రెండే వాక్యాలు: ‘దీని సింటాక్స్ చాలావరకు చిప్పు తయారీదారు పుస్తకంలో ఉన్నట్టే ఉంటుంది. కొన్ని తేడాలు ఉన్నాయి.’ అంతే. ఆ కిందంతా తెల్ల కాగితం.

“ఏం తేడాలో చెప్పి చావచ్చుగా!” అని పిన్ని పైకే అరిచింది. ఇంకు మార్పించుకోడానికొచ్చిన స్టేషనరీ షాపావిడ ఉలిక్కిపడి, తననే అనుకుని రెండడుగులు వెనక్కేసింది.

తయారీదారు పుస్తకం సంపాదించింది. ఎవరో పేజీలు ఫొటోలు తీసి పెట్టారు, ప్రతి పేజీ కుడివైపుకి వాలిపోయి ఉంది, అరవై మూడో పేజీ మీద ఆ తీసినవాళ్ళ బొటనవేలు కూడా పడింది. అందులో ఉన్నదంతా కంపెనీ పద్ధతే. తేడాల సంగతి దానికేం తెలుస్తుంది? ఇంటర్నెట్టంతా గాలించింది. ఒక లింకు నొక్కితే పేజీ లేదంది. ఇంకోటి నొక్కితే ఇళ్ళ స్థలాల ప్రకటన వచ్చింది. పదకొండేళ్ళ కిందట ఎవరో మహానుభావుడు అచ్చం ఆమె ప్రశ్నే ఒక చోట అడిగాడు. పిన్ని ఆశగా కిందికి జరిపింది. మర్నాడు అతనే రాశాడు: ‘దొరికింది. థాంక్స్.’ ఏం దొరికిందో, ఎక్కడ దొరికిందో ఒక్క ముక్క లేదు. అతని మీద వచ్చినంత కోపం ఆమెకి ఈ మధ్యకాలంలో ఎవరిమీదా రాలేదు.

చివరికి ఆ అసెంబ్లర్ రాసేవాళ్ళంతా ఉత్తరాలు రాసుకునే జాబితా ఒకటి పట్టుకుని, వచ్చీరాని ఇంగ్లీషులో తన కష్టం రాసి పంపింది. మూడు రోజులకి ఒకే ఒక్క జవాబు వచ్చింది: ‘మాన్యువల్ చదవండి.’

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆమె కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంది.

“ఏమోయ్, కారు గుద్దేసినదానిలా అలా ఉన్నావేం?” అన్నాడు భర్త.

“నాలుగు వారాలు కూడా లేవండీ. పద్ధతి తెలిస్తే రెండు రోజుల పని. ఆ పద్ధతి రాసిన పుస్తకమే లేదు.”

“పుస్తకం దేనికి?”

“దేనికంటే? మీ దగ్గరికొచ్చేవాళ్ళకి మీరు ట్రాఫిక్ రూల్సు పుస్తకం ఇవ్వరా?”

“ఇస్తాను. ఒక్కడూ చదవడు” అన్నాడు ఆయన తాపీగా మజ్జిగ కలుపుకుంటూ. “నేనేం చేస్తానంటే, ఖాళీ గ్రౌండులోకి తీసుకెళ్ళి, ఒక్క పని చెయ్యమంటా. క్లచ్చి వదులు. బండి ఎగిరిందా? ఎక్కువ వదిలావన్నమాట. మళ్ళీ వదులు. నేర్పేది నేను కాదు, బండి. తప్పు చేస్తే అదే కుదిపి చెబుతుంది.”

“నా దగ్గర కుదిపి చెప్పేది ఏముందండీ? అసెంబ్లర్ అన్ని తప్పులూ చెప్పదు, కొన్నిటికి నోరు మూసుకుని ఏదో అంకె ఇచ్చేస్తుంది. అది సరైందో కాదో నాకు...”

ఆమె మాట మధ్యలో ఆగిపోయింది. చెయ్యి కూడా కంచానికీ నోటికీ మధ్య ఆగింది.

చెడిపోయిన చిప్పు! అది చెడింది నిజమే, కానీ మొత్తం చెడలేదు. నూటికి తొంభై పాళ్ళు అందులో సరైన అంకెలే ఉన్నాయి. కాగితం మీద ఒక వరస తీసుకుని, తనకి తోచిన పద్ధతిలో అసెంబ్లర్‌కి రాసి ఇస్తే, వచ్చిన అంకె చిప్పులో అదే చోటునున్న అంకెతో కలవాలి. కలిస్తే ఆ పద్ధతి ఒప్పు. కలవకపోతే తప్పు. అదే కుదుపు.

“అత్తయ్యా, రేపు పొద్దున్నే మీరు ఖాళీయేనా?”

“ఎక్కడికి కనెక్షన్?” అంది ఆవిడ.

మర్నాటి నుంచి, పిన్ని పాత చిప్పులోంచి బయటికి తీసి అచ్చేసిన అంకెల్ని అత్తగారు చదువుతోంది, పిన్ని ఒక్కో వరసా రాసి సరిచూస్తోంది. “నాలుగు, ఏడు” అంటుంది ఆవిడ. “కలిసింది” అంటుంది ఈమె. “ఆరు, బీ.” “కలవలేదు. ఒక్క నిమిషం.” కలవని చోటల్లా రాత తిప్పి చూస్తుంది, మళ్ళీ తిప్పి చూస్తుంది. కలవగానే ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకంలో ఆ నియమం రాసుకుంటుంది. ప్రోగ్రాములో చోట్లకి పెట్టిన పేర్ల తర్వాత కోలన్ పెట్టాలి. పదహారు అంకెల లెక్కలో రాసిన సంఖ్య చివర హెచ్ కాదు, మొదట్లో సున్నా, ఎక్స్ పెట్టాలి. మనుషుల మాటల ముందు సెమికోలన్ బదులు నిలువు గీత పెట్టాలి.

అన్నిటికంటే పెద్ద తేడా మూడో రోజు బయటపడింది. దానికి ఒక్క తప్పు కూడా చూపించలేదు అసెంబ్లర్, సరేనంటూ మింగేసింది, అంకె మాత్రం కలవలేదు. కంపెనీ పద్ధతిలో ముందు ఎక్కడ పెట్టాలో చెప్పి, తర్వాత ఏం పెట్టాలో చెబుతారు. ఈ అసెంబ్లర్‌కి ముందు ఏం పెట్టాలో, తర్వాత ఎక్కడ పెట్టాలో చెప్పాలి. అన్నీ తలకిందులు! ఇది తెలియకుండా తప్పులన్నీ తీసేసి చిప్పు కాల్చి, అంటే ప్రోగ్రాముని అందులోకి ఎక్కించి, పెట్టి ఉంటే, మిషన్ కాగితంలోంచి సుత్తుల్లోకి అక్షరాలు ఎక్కించబోయేది.

ఎనిమిది రోజుల్లో ముప్ఫై నాలుగు నియమాలు పోగయ్యాయి. వాటి ప్రకారం ప్రోగ్రాము మొత్తం మార్చి మళ్ళీ పిలిస్తే, అసెంబ్లర్ కిక్కురుమనలేదు. వచ్చిన అంకెలు పాత చిప్పుతో పోలిస్తే, ఎండ తిన్న ముక్కలు తప్ప అన్నీ కలిశాయి. కొత్త చిప్పు కాల్చి, దాని నెత్తిన ఒకటికి మూడు నల్ల స్టిక్కర్లు వేసి, పిన్ని మాస్టారికి కబురు పెట్టింది.

ఆయన వచ్చి కూర్చున్నారు. మిషన్ గుర్రాల దండులా టకటకలాడుతూ ఒక పేజీ కొట్టి, పూర్తిగా బయటికి తోసింది. మాస్టారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో చదవసాగారు. పిన్ని ఆయన మొహం వంకే చూస్తోంది. మొదటి వరసలోనే వేళ్ళు ఆగాయి, వెనక్కొచ్చాయి, మళ్ళీ వెళ్ళాయి. పెదవుల చివర నవ్వు మొలిచింది.

“పిన్నిగారూ, మీ మిషన్‌కి కొంచెం నత్తి ఉంది. ‘మ’ వచ్చిన చోటల్లా ఇంకేదో అంటోంది. ఈ లెక్కన మా ప్రధానోపాధ్యాయుడి పేరు చాలా అసహ్యంగా వచ్చింది.”

వెతికితే దొరికింది. అక్షరానికి ఏ చుక్కలు కొట్టాలో రాసిన పట్టికలో, అచ్చు పలచబడిన చోట ఒక ఎనిమిదిని మూడు అని చదివారు. చిప్పులో ఆ ముక్క ఎండకి పోయిన ముక్కల్లో ఒకటి కావడంతో పోల్చి చూసినప్పుడు బయటపడలేదు.

అత్తగారు ఆ కాగితం కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చాలాసేపు చూసింది. “ముప్ఫై ఒక్క ఏళ్ళలో నేను రాంగ్ నంబరు ఒక్కటీ కలపలేదు” అంది.

“ఇదీ రాంగ్ నంబరు కాదమ్మా. లైను మీరు సరిగ్గానే కలిపారు, అవతలివాళ్ళ గొంతే సరిగ్గా వినపడలేదు” అన్నారు మాస్టారు. ఆవిడ నవ్వేసింది.

ప్రశ్నపత్రాలు టైముకే అచ్చయ్యాయి. పిల్లలు మాత్రం పిన్నిని క్షమించలేదని మాస్టారు చెప్పారు. పరీక్షలు ఎగిరిపోతాయని గంపెడాశ పెట్టుకున్నారట.

కథ అక్కడితో అయిపోవాల్సింది. కానీ మరో పది రోజులకి పిన్నికి ఒక ఉత్తరం వచ్చింది, ఆ అసెంబ్లర్ జాబితా నుంచి, ఎక్కడో సముద్రాల అవతల దేశం నుంచి. రాసినాయన ఎవరో ఆమెకి తెలియదు.

‘అమ్మా, మీ ఉత్తరం ఆలస్యంగా చూశాను, మా తేనెటీగల పనిలో ఉన్నాను. ఆ అధ్యాయం రాయాల్సిన పాపాత్ముణ్ణి నేనే. పందొమ్మిదేళ్ళ కిందట “కొన్ని తేడాలు ఉన్నాయి” అని రాసి, అవేమిటో పొద్దున్నే రాద్దామని బల్ల దగ్గర్నుంచి లేచి వెళ్ళి పడుకున్నాను. పొద్దున్నే మా ఆవిడకి నొప్పులు మొదలయ్యాయి. ఆ పాప ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. తేడాలేమిటో నాకిప్పుడు ఒక్కటీ గుర్తులేదు. మీకు ఏమైనా దొరికితే దయచేసి చెప్పండి, నేను కూడా తెలుసుకుంటాను.’

పిన్ని ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, నోటుపుస్తకంలోని ముప్ఫై నాలుగు నియమాలూ ఫొటోలు తీసి పంపింది. గంటలో జవాబు: ‘ఇది మీరే అధ్యాయంగా రాయండి. పుస్తకంలో పెడదాం.’

“నేనా? నాలుగు వందల పేజీల పుస్తకంలోనా? నా ఇంగ్లీషుతోనా?” అని ఆమె ఇంట్లో అందరినీ అడిగింది.

“మాస్టారు దేనికున్నారు?” అన్నాడు భర్త.

అలా శనివారం మధ్యాహ్నాలు మాస్టారు షాపుకి రావడం మొదలైంది. ఆయనకి చిప్పుల గురించి ఏమీ తెలియదు, వాక్యాల గురించి అన్నీ తెలుసు. తలకిందుల నియమం దగ్గర ఆయన బోలెడంత ఆనందపడ్డారు.

“చూశారా పిన్నిగారూ, మనం ‘నీళ్ళు కుండలో పొయ్యి’ అన్నా ఒకటే, ‘కుండలో నీళ్ళు పొయ్యి’ అన్నా ఒకటే. ‘లో’ అనే ప్రత్యయం ఉంది కాబట్టి కుండని నీళ్ళల్లో పొయ్యం. పాపం, మీ చిప్పుకి ప్రత్యయాలు లేవు. ఏది ముందుంది, ఏది వెనకుంది అన్నదే దానికి దిక్కు. ఇది అధ్యాయంలో మొట్టమొదట చెప్పండి. మనిషి ముందు పడిపోయే గొయ్యి ముందు చూపించాలి.”

ఆయన ఇంకో షరతు కూడా పెట్టారు. “‘కుడివైపు బొమ్మ చూడండి’, ‘కింది గడుల్లో చూడండి’ లాంటివి వద్దు. ఆ బొమ్మలు మా కంప్యూటరు మాకు చదివి వినిపించదు. మా పిల్లల్లో రేపు ఎవరైనా ఈ పనిలోకి వస్తారేమో, ఎవరు చూశారు? చెవికి అర్థమయ్యేట్టు రాయండి.”

చెవి పరీక్షకి అత్తగారు ఉండనే ఉంది. ప్రతి పేజీ ఆవిడ చేత పైకి చదివించారు. ఆవిడ తడబడకుండా చదివితే ఉంచారు. ఎక్కడైనా ఊపిరి కోసం ఆగితే అక్కడ వాక్యం విరిచి రెండు చేశారు. అధ్యాయం ఇరవై రెండు పేజీలు తేలింది. తేనెటీగలాయన చదివి, రెండు కామాలు సరిచేసి, ‘పందొమ్మిదేళ్ళ బరువు దింపారు’ అని రాశాడు.

మూడు నెలల తర్వాత అసెంబ్లర్ కొత్త విడుదల వచ్చింది. పుస్తకం ఇప్పుడు నాలుగు వందల ముప్ఫై నాలుగు పేజీలు. అధ్యాయం కింద ముగ్గురి పేర్లున్నాయి: ఆమెది, మాస్టారిది, అత్తగారిది. అత్తగారు తన పేరు తెర మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం విడదీసి పైకి చదువుకుంది. భర్త ఆ పేజీ అచ్చు తీయించి తన కారు అద్దం దగ్గర పెట్టుకున్నాడు. నేర్చుకోడానికొచ్చేవాళ్ళు అదేదో రూల్సు కాగితం అనుకుని భయంభయంగా చూస్తున్నారని వచ్చి చెప్పాడు.

తర్వాత కొన్నాళ్ళు ఏమీ జరగలేదు. ఎవరైనా చదువుతున్నారో లేదో తెలిసే దారి లేదు. పిన్ని అడపాదడపా ఉత్తరాల జాబితా తెరిచి చూసేది, ఏమీ లేక మూసేసేది, ఇంకు కారే ప్రింటర్ల దగ్గరికి వెళ్ళిపోయేది.

ఒక బుధవారం పొద్దున మాత్రం ఒక ఉత్తరం ఉంది. ఇంకెక్కడో ఒక పాల కేంద్రంలో, పాలలో వెన్న శాతం చూసే పాత మిషన్ బాగుచేస్తున్న ఒకావిడ రాసింది. ‘మీ అధ్యాయం లేకపోతే నేను ఈ పని వదిలేసేదాన్ని. ఒక్క సందేహం. పదిహేడో నియమంలో, ఒక ఆదేశం వెనక్కి నూట ఇరవై ఏడు అడుగుల దాకా గెంతగలదని రాశారు. నేను చూస్తే నూట ఇరవై ఎనిమిది గెంతుతోంది. ముందుకైతేనే నూట ఇరవై ఏడు. తప్పు నాదేనా?’

పిన్ని చేతిలో స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, అక్కడికక్కడే సరిచూసింది. ఆ తప్పు ఆవిడది కాదు.

“అత్తయ్యా!” అని మెట్ల దగ్గర నిలబడి కేకేసింది. “మన అధ్యాయంలో తప్పు దొరికింది!”

“అయ్యో! ఎంత పనైంది! ఎక్కడ?”

“పదిహేడో నియమంలో. అయ్యో ఏమిటి అత్తయ్యా, ఎవరో పదిహేడో నియమం దాకా చదివారు! చదివి, చేసి చూశారు!”

పైనుంచి అత్తగారు మెల్లగా ఒక్కో మెట్టూ దిగి వచ్చింది, కళ్ళజోడు చేత్తో పట్టుకుని. ఇద్దరూ కలిసి ఉత్తరం మళ్ళీ చదివారు. పిన్ని ఏడుని ఎనిమిది చేసింది, ముందుకీ వెనక్కీ వేర్వేరుగా రెండు వాక్యాలు రాసింది, అత్తగారు పైకి చదివింది, ఆగకుండా వచ్చింది. తప్పు పట్టినావిడ పేరు నాలుగోదిగా కింద చేర్చి, తేనెటీగలాయనకి పంపించేశారు.

ఈలోగా స్టేషనరీ షాపావిడ ప్రింటరు చంకనెత్తుకుని గుమ్మంలోకి వచ్చి, అత్తాకోడళ్ళ మొహాలు చూసి, ఇవాళ లోపలికి రావచ్చునని తనే నిర్ణయించుకుంది.